వానడబ్బాకు మొక్కిన ఏడు

మొన్న ఆధార్ కార్డులో నా వయసు సరిచేయించుకుందామని సచివాలయానికి వెళ్ళాను. కార్డులో నాకు నాలుగేళ్ళు ఎక్కువ పడ్డాయి. ఆ నాలుగూ నావి కావని ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. ఆవరణలో ఒక మూల తెల్లటి గొట్టం లాంటిది పాతి ఉంది. దాని పక్కన సోలార్ పలక, చుట్టూ ఇనుప జల్లెడ కంచె. ఒక కుర్రాడు గొట్టం మూత తీసి లోపలి దుమ్మును గుడ్డతో తుడుస్తున్నాడు. ఏంటది నాయనా అని దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టబోతే గబుక్కున అడ్డం వచ్చాడు.

"అక్కా, ముట్టుకోబాక. వానను చుక్క చుక్క లెక్కబెట్టుద్ది. ఒక్క చెంబు నీళ్ళు ఒలికినా మన మండలంలో వాన పడిందని పైకి మెసేజ్ పోద్ది."

నాకు నవ్వు ఆగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే అరుగు మీద కూలబడ్డాను. పాపం ఆ కుర్రాడు ఎండదెబ్బేమో అనుకుని తన సీసాలో నీళ్ళు ఇచ్చాడు. చెంబు నీళ్ళ సంగతి నాకు అతను పుట్టకముందే తెలుసని ఎలా చెప్పను? చెప్పినా నమ్మడు. మా ఊళ్ళో నా మాట నమ్మేవాళ్ళు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఆ ఏడు ఆషాఢం పొడిగా పోయింది. శ్రావణమూ పొడిగానే పోయింది. వేసిన జొన్న మోకాలెత్తు రాకముందే మాడి, చేలోకి వెళ్తే కాళ్ళ కింద అప్పడాల్లా చిటపటమనేది. సాగర్ కాలవ మాకు ఏడెనిమిది మైళ్ళ దూరంలో, పల్లంలో పోయేది. మాది మెరక. కాలవ నీళ్ళు మమ్మల్ని చూడాలంటే ఎదురెక్కి రావాలి. ఆ ఏడు ఎంత కరువంటే, మా ఊరి కాకులు దాహానికి పొద్దుటి బస్సు టాపు మీద కూర్చుని మాచర్ల వెళ్ళి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేవి. కండక్టరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మా గేదెకు తాగడానికి చాలక పాలు పొదుగులోనే తోడుకుని, పిండితే ఏకంగా పెరుగే పడేది. ఈ ముక్క నేను ఊరంతా చెప్పాను. ఒక్కరైనా గిన్నె పట్టుకుని పెరుగుకు రాలేదు.

ఇంట్లో నీళ్ళ పెత్తనం నాయనమ్మది. బియ్యం కడిగిన నీళ్ళతో కూరగాయలు కడగాలి, వాటితో గిన్నెలు తొలవాలి, ఆ తర్వాత అవి గేదె కుడితిలోకి పోవాలి. స్నానం గంగాళంలో నిలబడి చెయ్యాలి. ఒంటి మీద నుంచి జారిన నీళ్ళలో ముందు బట్టలు జాడించి, చివరికి పెరట్లో బీరపాదుకు పోసేది. ఆ ఏడు మా ఇంటి బీరకాయ కూర సబ్బు వాసన వేసేది. నేను వేలు పెట్టి చూపిస్తే, "ఒళ్ళు గూడా శుభ్రపడుద్ది, తిను" అనేది. జొన్న సంకటి, గోంగూర పచ్చడి మటుకు బాగుండేవి. పచ్చడిలో కారం ఎక్కువైతే మాత్రం కష్టం. రెండో గ్లాసు నీళ్ళు అడగాలంటే ధైర్యం కావాలి.

ఊళ్ళో బోరింగు కొడితే అరగంటకు ఒక బిందె నిండేది. మిగిలిందల్లా పాత నాపరాళ్ళ గని. రాయి తీసి వదిలేసిన గుంట అది, ఊరికి మైలున్నర దూరం. అడుగున పచ్చటి నీళ్ళు, నోట్లో పోసుకుంటే సున్నం రుచి. దిగడానికి మెట్లంటూ లేవు. రాయి కోసినప్పుడు మిగిలిన అంచులే మెట్లు, ఒక్కొక్కటి నా నడుమెత్తు. మా ఎదురింటి పిన్ని ముందటేడు కడవతో ఎక్కుతూ జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత ఆమె కర్ర లేకుండా నడవలేదు.

మా అమ్మ కడుపుతో ఉండి ఏడో నెల దాకా ఆ గనిలోంచే నీళ్ళు మోసింది. తర్వాత మా మండలాన్ని కరువు మండలం అన్నారు, రెండు రోజులకొకసారి ట్యాంకరు రావడం మొదలైంది. తమ్ముడు పుట్టాడు. ఇల్లంతా వెల్లుల్లి కారం, వాము, సాంబ్రాణి పొగ కలిసిన బాలింత వాసన. నాన్న నాపరాళ్ళ లారీ మీద డ్రైవరు. వెళ్తే పదిహేను రోజులకు గాని రాడు. నాయనమ్మ మోకాళ్ళు గనిలోకి దిగేవి కావు. ట్యాంకరు లేకపోతే ఆ గని దిగాల్సింది మళ్ళీ అమ్మే. అందుకే ట్యాంకరు హారన్ వినపడితే నాయనమ్మ డ్రైవరుకు దూరం నుంచే దండం పెట్టేది. ఆ నీళ్ళు రబ్బరు గొట్టం వాసన, డీజిల్ వాసన వేసేవి. మాకు అవి పన్నీరు.

ఇక అసలు సంగతి. అప్పుడే మా ఊరు కొత్తగా మండలం అయింది. ఊరి చివర కొత్త ఆఫీసు కట్టి, ఆవరణలో ముళ్ళ కంచె మధ్య ఒక చిన్న సిమెంటు దిమ్మె కట్టారు. దిమ్మెలో ఒక డబ్బా, దాని నోట్లో ఇత్తడి అంచు గరాటా. అది వాన కొలిచే డబ్బా అని మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నారేమో, లేకపోతే మాకు తెలుసనుకున్నారేమో.

చిలకలూరిపేట నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. మేం పేట బాబాయి అనేవాళ్ళం. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, నవ్వితే ఉద్యోగం పోతుందన్నట్టు ఉండేవాడు. ఆదివారం తప్ప రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఆ కంచె దగ్గరికి వచ్చేవాడు. కాలి దుమ్ము డబ్బాలో పడకూడదని చెప్పులు బయటే విడిచేవాడు. లోపలికి వెళ్ళి నడుం వంచి, రెండు చేతులతో గరాటా ఎత్తి పక్కన పెట్టేవాడు. లోపలి సీసాను గాజు గ్లాసులోకి వంచి, ఆ గ్లాసును కళ్ళెదుట ఎత్తి పట్టుకుని కాసేపు చూసేవాడు. చుక్క లేకపోయినా చూసేవాడు. తర్వాత ఆఫీసులోకి వెళ్ళి పుస్తకంలో రాసేవాడు.

నేనూ నాయనమ్మా బోరింగు దగ్గర వంతు కోసం కూర్చుని ఇదంతా చూసేవాళ్ళం. చెప్పులు విడవడం, వంగడం, గ్లాసు పైకెత్తి చూపడం. నాయనమ్మ నాలుగు రోజులు చూసి తేల్చేసింది.

"సర్కారోళ్ళు వానదేవుణ్ణి తెచ్చుకున్నారే. ఊళ్ళో వాళ్ళకు చెప్పకుండా వాళ్ళే మొక్కుతున్నారు."

నేను కాదనలేదు. కాదనకపోగా, ఆ దేవుడు రాత్రిళ్ళు గరాటాలోంచి తల బయటపెట్టి ఆకాశం వంక చూస్తాడని, నేను చూశానని చెప్పాను. అది నా తప్పు. ఒప్పుకుంటాను.

అప్పటికే పోలేరమ్మకు నీళ్ళు పోశారు, ఆంజనేయస్వామికి పోశారు, ఎవరూ పలకలేదు. మిగిలింది కప్పతల్లి. కప్పను వేపాకుతో రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పితే, ఆడవాళ్ళు దాని మీద నీళ్ళు పోస్తారు. కప్ప అరిస్తే వాన వస్తుందని నమ్మకం. ఆ కరువులో కప్ప దొరకడమే గగనమైంది. ఊళ్ళో పిల్లలం అందరం రెండు రోజులు వెతికి, చివరికి బోరింగు పళ్ళెం కింద తడిమట్టిలో ఒకదాన్ని పట్టాం. అది నాకేసి చూసిన చూపు నాకింకా గుర్తే. నన్నెందుకే లాగుతావు, ఇదొక్కటే తడిచోటు అన్నట్టు చూసింది.

ఆదివారం పొద్దున ఊరేగింపు తీశాం. రోకలి ఒక కొస నా భుజాన, ఇంకో కొస నా జత పిల్ల భుజాన. నీళ్ళు నేలపాలు కాకుండా నాయనమ్మ ఒక ఉపాయం చేసింది. కప్ప కింద గంగాళం పట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు నడవాలి. బిందె పోసే ఇల్లాళ్ళు ఆ ఏడు గరిటెడు పోశారు. ఒకావిడ వేళ్ళు తడిపి చిలకరించి తలుపేసుకుంది. పిన్ని మాత్రం కర్ర ఆనించుకుని చెంబుడు పసుపునీళ్ళు పోసింది. ఊరంతా తిరిగేసరికి గంగాళంలో రెండు బిందెల పసుపునీళ్ళు పోగయ్యాయి. అందరికంటే చివర పోసిన చెంబు మా ఇంట్లోది. అమ్మ తాగడానికి కాచి పెట్టుకున్నది. నాయనమ్మ అడిగితే ఇచ్చేసింది.

కప్పను మళ్ళీ బోరింగు దగ్గర వదిలేశాం. నాయనమ్మ గంగాళాన్ని ఆఫీసు వైపు తిప్పించింది. ఆదివారం కాబట్టి ఆఫీసుకు తాళం. కాపలా తాత కూడా లేడు. ఆవిడ చెప్పులు విడిచి, కంచె తలుపు తీసి, ఇత్తడి అంచుకు బొట్టు పెట్టి, చెంబుతో ముంచి ముంచి పోసింది. గరాటాలోకి పోయింది పోగా మిగిలింది దిమ్మె చుట్టూ పారింది. ఆఖరి చెంబు నా చేత పోయించి, మంచి వాన కావాలని గట్టిగా చెప్పమంది. చెప్పాను.

సోమవారం పొద్దున పేట నుంచి మొదటి బస్సుకు దిగిన గుమాస్తా నేరుగా డబ్బా దగ్గరికి వెళ్ళాడు. గ్లాసు నిండింది. దాన్ని పారబోసి మళ్ళీ పట్టాడు, మళ్ళీ నిండబోయింది. ఆకాశం వంక చూశాడు. దిమ్మె చుట్టూ మట్టి ఇంకా తడిగా ఉంది. నీళ్ళ పసుపు రంగును దుమ్ము అనుకున్నాడు. బొట్టును పిల్లల పని అనుకున్నాడు. కాపలా తాతను పిలిచి నిన్న వాన పడిందా అని అడిగాడు.

కాపలా తాత ఆదివారమంతా నడికుడిలో కూతురింట్లో ఉన్నాడు. కాపలా వదిలి వెళ్ళానని ఎలా చెప్తాడు? పడింది బాబూ, గట్టిగానే పడింది, మన ఆఫీసు మీదే పడింది అన్నాడట. మా వైపు వాన అలాంటిదే, ఒక వీధిలో కురిసి పక్క వీధిని ఎండగడుతుంది. గుమాస్తా నమ్మాడు, పుస్తకంలో రాశాడు, పైకి ఫోను చేశాడు.

మర్నాడు రావాల్సిన ట్యాంకరు రాలేదు. ఆ పై వంతుకూ రాలేదు. మాచర్ల వెళ్ళిన ఎవరో అక్కడ ట్యాంకరు డ్రైవరును అడిగితే, మీ ఊళ్ళో వానలు దంచి కొట్టాయంట గదా, మీ బండి వేరే మండలానికి వేశారు అన్నాడట. ఊళ్ళో వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరి పైనా చినుకు పడలేదు. ఎక్కడ పడిందో ఎవరికీ అంతుపట్టలేదు.

నాకు పట్టింది. ఆ రోజు బోరింగు దగ్గర కూర్చుని పేట బాబాయి గ్లాసు ఎత్తడం చూస్తుంటే ఒక్కసారిగా బుర్రలో వెలిగింది. నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళి, అది వాన కాదు బాబాయ్, మేం పోసిన నీళ్ళు అని చెప్పాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నువ్వేగా గేదె పెరుగిచ్చిందన్న పిల్లవి?"

నేనేనన్నాను. డబ్బాలో ఉన్నది రాయడమే తన పని అనీ, రాసింది ఒక పిల్ల మాట మీద కొట్టెయ్యడానికి లేదనీ చెప్పి పంపేశాడు. కాపలా తాత వెనక నుంచి నాకు కళ్ళెర్రజేశాడు. ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పాను. అది దేవుడు కాదు, వాన కొలిచే డబ్బా అంటే, మొన్న నువ్వే గదే తల బయటపెట్టాడని చెప్పింది అంది. ఆ ఒక్క రోజులో ఇద్దరికి నిజం చెప్పాను. జీవితంలో అంత నిజం అంతకు ముందు చెప్పలేదు. ఎవరూ తీసుకోలేదు.

ఆ సాయంత్రం అమ్మ అటక మీది కడవ దింపి, చీర చింపి తలచుట్ట చుట్టుకుంది. రేపు పొద్దున పిల్లోడికి పాలిచ్చి గనికి పోతానంది. నాయనమ్మ వద్దంది. మరి నీళ్ళెవరు తెస్తారని అమ్మ అడిగింది. తమ్ముడు పుట్టి అప్పటికి ఇరవై రోజులు. లేచి నిలబడితేనే అమ్మ గోడ పట్టుకుంటోంది. నేను పిన్ని వాళ్ళ అరుగు మీద కర్ర చప్పుడు వింటూ కూర్చున్నాను.

నిజం పనిచేయలేదు కాబట్టి నాకు చేతనైన పనే చేశాను. పొద్దున్నే లేచి నాయనమ్మకు నా కల చెప్పాను. సర్కారు వానదేవుడు కలలోకి వచ్చాడని, మొహం ముడుచుకుని ఉన్నాడని, పోసిన నీళ్ళు చాలలేదని, ఆ ముసలమ్మది పిసినిగొట్టు చెయ్యి అన్నాడని.

నాయనమ్మ పళ్ళు తోముకోవడం మధ్యలో ఆపేసింది. మిగిలినవి ఎన్నన్నా పడుతుంది గాని ఆ మాట పడదు. వేపపుల్ల చేత్తో పట్టుకునే ఆఫీసుకు బయల్దేరింది. నేను వెనకే పరిగెత్తాను.

ఎనిమిదిన్నరైంది. పేట బాబాయి కంచె లోపల వంగి ఉన్నాడు. ట్యాంకరు సంగతి అడగడానికి వచ్చిన పది మంది వరండా ముందు నిలబడ్డారు. ఎమ్మార్వో గారు మెట్ల మీద నిలబడి, రికార్డు ప్రకారం మీకు వాన పడింది, నేనేం చెయ్యను అని వాళ్ళకు చెప్తున్నాడు. నాయనమ్మ ఎవరినీ చూడలేదు. కంచె మీద చెయ్యి వేసి డబ్బాతో మాట్లాడింది.

"ఏమయ్యా, నాది పిసినిగొట్టు చెయ్యా? ఆదివారం నీ నెత్తిన రెండు బిందెలు పోశా గదా. ఊరంతా అడుక్కొచ్చి పోశా. బాలింత తాగే నీళ్ళు గూడా తెచ్చి పోశా. చినుకు రాల్చకపోతివి, వచ్చే ట్యాంకరు గూడా పోగొడితివి. నువ్వేం దేవుడివయ్యా?"

పేట బాబాయి చేతిలో గ్లాసు అలాగే గాల్లో ఉండిపోయింది. ఎమ్మార్వో మెట్లు దిగి వచ్చాడు.

"ఏ ఆదివారం పోశావమ్మా?"

"మొన్న కప్పతల్లిని తిప్పిన ఆదివారం. ఇదిగో, ఈ పిల్ల గూడా పోసింది."

అందరూ కాపలా తాత వంక తిరిగారు. ఆయన తన కాలి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. వాన పడిందన్నావు గదా తాతా అని గుమాస్తా అడిగితే తలెత్తకుండానే చెప్పాడు.

"పడింది బాబూ. నడికుడిలో."

ముందు ఎమ్మార్వో నవ్వాడు, తర్వాత ఊరు నవ్వింది. పేట బాబాయి నవ్వలేదు. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి, స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఆ అంకె మీద గీత గీశాడు. ఆయన సర్వీసులో మొదటి కొట్టివేత అని తర్వాత తెలిసింది. ఎమ్మార్వో నాయనమ్మకు ఆ డబ్బా ఏంటో, దేనికో, దాని లెక్క మీద ఏమేం ఆధారపడి ఉంటాయో ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ అంతా విని, మరి చెప్పులిడిచి వంగి వంగి చూస్తుంటే మేమేమనుకోవాల అని ఎదురడిగింది. ఎమ్మార్వో లోపలికి వెళ్ళి ఫోను తిప్పాడు. ఆ రోజుల్లో ఫోను కలవడమంటే అరవడమే. కిటికీలోంచి మాకంతా వినపడింది. వాన లేదు సార్, పొరపాటు, అసలు లేదు, మా బండి మాకు పంపండి అని నాలుగుసార్లు అరిచాడు. అవతల సరేనన్నారని బయటికొచ్చి చెప్పాడు.

నేను వెళ్ళబోతుంటే పేట బాబాయి ఆపి, నువ్వు చెప్పింది నిజమేనన్నమాట అన్నాడు. అయితే ఆ గేదె సంగతి కూడా నిజమేనా అని అడిగాడు. సందు దొరికింది గదా అని, అదీ నిజమేనన్నాను. ఆయన తలూపాడు.

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ గనికి పోతానన్న సంగతి.

పరిగెత్తాను. కంచె దగ్గర విడిచిన చెప్పులు అక్కడే ఉండిపోయాయి. ఇంటి ముందు నుంచి పోతుంటే పిన్ని ఒళ్ళో తమ్ముడు ఏడుస్తున్నాడు, అమ్మ లేదు. మైలున్నర దారి, అంతా నాపరాయి ముక్కలు. గని అంచుకు చేరేసరికి అమ్మ రెండు మెట్లు దిగి ఉంది. మూడో మెట్టు మీద కాలు పెట్టడానికి కూర్చుని, కడవను పక్కన ఆనించి, ఊపిరి తీసుకుంటోంది.

"అమ్మా, దిగబాక. ట్యాంకరు వస్తంది."

అమ్మ తలెత్తి నా వంక చూసింది. ఎవరు చెప్పారని అడగలేదు, ఒట్టు పెట్టమనలేదు. కింద నీళ్ళ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. తర్వాత కడవను పైకి అందించి, నా చెయ్యి పట్టుకుని ఆ రెండు మెట్లూ ఎక్కింది. దారంతా నా భుజం మీద చెయ్యి వేసి నడిచింది. చెయ్యి బరువుగా ఉంది. ఆ బరువు నాకు బాగుంది.

మధ్యాహ్నం రెండు దాటాక హారన్ వినపడింది. ఊరు ఊరంతా బిందెలతో ఉరికింది. గొట్టంలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు, బిందెలు తగులుకుంటున్న చప్పుడు, వంతు కోసం తిట్టుకుంటున్న గొంతులు. అమ్మ తమ్ముణ్ణి పక్కన వేసుకుని ఆ గోలలోనే నిద్రపోయింది. నాయనమ్మ ఆరు బిందెలు పట్టి, ఏడోదానికి వంతు కాకపోయినా దూరి, ఎవరితోనో పోట్లాడి మరీ పట్టింది. నాకు అడక్కుండానే రెండో గ్లాసు నీళ్ళిచ్చింది. కార్తీకంలో తుఫాను పట్టి నాలుగు రోజులు ముసురు కురిసేదాకా ఆ ట్యాంకరు వంతు తప్పలేదు. అమ్మ మళ్ళీ ఆ గని దిగలేదు.

పేట బాబాయి బదిలీ అయ్యేదాకా రోజూ గ్లాసు ఎత్తి చూస్తూనే ఉన్నాడు. కాకపోతే కంచెకు తాళం పడింది. కాపలా తాత నడికుడి వెళ్ళాలంటే చెప్పి వెళ్ళేవాడు. నాయనమ్మ మాత్రం ఆఫీసు ముందు నుంచి పోయినప్పుడల్లా, దేవుడు కాదని తెలిసి కూడా, చూపుడు వేలితో చిన్న దండం పెట్టేది. లెక్క రాసేవాడితో పేచీ ఎందుకని.

ఆ రోజు నన్నెందుకు నమ్మావని చాలా ఏళ్ళ తర్వాత అమ్మను అడిగాను. అప్పుడామె మా ఇంటి వెనక కుళాయి కింద గోంగూర కడుగుతోంది. కుళాయి కట్టేసి, తడిచేతులు చీరకు తుడుచుకుంది.

"నమ్మలా. నీ మాట ఎవరు నమ్ముతారే? కాళ్ళకు చెప్పుల్లేవు, నెత్తురు కారతన్నాయి. అట్టా పరిగెత్తుకొచ్చి దిగొద్దంటివి. అబద్ధమైతే మర్నాడు దిగుదాంలే అనుకున్నా."